ఆర్ట్స్ పీహెచ్‌డీకి ఫారిన్ పోవాలంటే పైసలు ఎవరిచ్చారు? 1895 నుంచి ఇప్పటిదాకా

ఇవ్వాళ్టి ఎపిసోడ్ పైసల గురించి. కానీ స్టాక్ మార్కెట్ కాదు, క్రిప్టో అంతకన్నా కాదు. హిస్టరీనో, తెలుగో, ఎకనామిక్సో, సోషియాలజీనో చదివిన పిల్ల లేదా పిల్లగాడు ఫారిన్‌లో పీహెచ్‌డీ చెయ్యాలనుకుంటే ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఇంతకుముందు ఎవరు పెట్టుకున్నారు? పెట్టినవాళ్లు బదులుగా ఏం అడిగారు?

నాది ముత్యంపేట. జగిత్యాల జిల్లా, మల్లాపూర్ మండలం. మా ఊరి పేరు మీరు వినుంటే చక్కెర ఫ్యాక్టరీ వల్లే విని ఉంటారు. 2015 డిసెంబర్‌లో అది మూతపడ్డప్పటి నుంచి ఊరి పేరు వార్తల్లో వచ్చిందంటే "తెరుస్తారా, తెరవరా" అనే ముచ్చటే. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల, ఈ బెల్ట్ మొత్తంలో "బయటికి పోయిండు" అంటే దుబాయో, మస్కటో, సౌదీయో అని అర్థం. ఆ పోవడానికి ఒక లెక్క ఉంది. ఏజెంటుకి ఇంత, టికెట్‌కి ఇంత, నూటికి రెండు రూపాయల మిత్తికి అప్పు, రెండేళ్లలో తీర్చుడు. ఇంజనీరింగ్ వాళ్లు అమెరికాకి ఎంఎస్‌కి పోవడం మొదలుపెట్టాక ఆ లెక్కే పెద్దదైంది. ఏజెంటు స్థానంలో కన్సల్టెన్సీ వచ్చింది, మిత్తి వ్యాపారి స్థానంలో బ్యాంకు వచ్చింది. రెండింట్లోనూ సూత్రం ఒకటే: పోయినోడు సంపాదించి కడతడు.

ఆర్ట్స్ పీహెచ్‌డీకి ఈ లెక్క పనిచేయదు. అయిదారేళ్లు పడుతుంది. ఆ తర్వాత వచ్చే ఉద్యోగం కూడా యూనివర్సిటీలో దొరికితే దొరికినట్టు. బ్యాంకు మేనేజర్‌కి ఇది చెప్పి చూడండి. ఎడ్యుకేషన్ లోన్ మామూలు పద్ధతిలో 4 లక్షల దాకా సెక్యూరిటీ లేకుండా ఇస్తారు, 7.5 లక్షల దాకా మూడో మనిషి గ్యారంటీ అడుగుతారు, ఆ పైన ఇల్లో జాగో పెట్టాలి. కంప్యూటర్ సైన్స్ అని చెప్తే కుర్చీ జరుపుతారు. హిస్టరీ అని చెప్తే "ఉద్యోగం ఏం వస్తుందమ్మా?" అంటారు. కాబట్టి చరిత్రలో ఈ చదువుకి అప్పు ఎప్పుడూ సరైన దారి కాలేదు. ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే. ఆ "ఎవరో ఒకరు" మారుతూ వచ్చారు. ఇవ్వాళ ఆ కథ.

మన దగ్గర మొదట ఇచ్చినాయన నిజాం. 1895లో సరోజినీ చటోపాధ్యాయ, అప్పటికింకా నాయుడు కాదు, పదహారేళ్ల పిల్ల, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ పోయింది. లండన్ కింగ్స్ కాలేజీ, తర్వాత కేంబ్రిడ్జిలో గిర్టన్ కాలేజీ. 1898లో డిగ్రీ లేకుండానే తిరిగొచ్చింది. ఆమె రాసిన ఒక నాటకం నిజాం దాకా పోయి, ఆయనకి నచ్చడం వల్ల స్కాలర్‌షిప్ వచ్చిందని చెప్తారు. అప్పటి పద్ధతి అదే. అప్లికేషన్ ఫారం లేదు, కటాఫ్ లేదు. రాజుగారి కంట్లో పడాలి. ఆమె తండ్రి అఘోరనాథ్ హైదరాబాద్‌లో కాలేజీ ప్రిన్సిపల్, ఎడిన్‌బరోలో డాక్టరేట్ చేసి వచ్చినాయన. అట్లాంటి ఇంట్లో పుట్టిన పిల్ల కంట్లో పడింది. ముత్యంపేట పిల్ల ఎట్లా పడుతుంది?

ఇంకో ముప్ఫై ఏళ్లకి పద్ధతి కొంచెం మారింది. 1918లో ఉస్మానియా మొదలైంది. అక్కడ ఎంఏ చేసిన మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1927 తర్వాత సర్కారీ స్కాలర్‌షిప్ మీద లండన్ పోయి 1929లో పీహెచ్‌డీ తెచ్చుకున్నాడు. సబ్జెక్టు భాషాశాస్త్రం. అక్కడి నుంచి ప్యారిస్ పోయి ధ్వనిశాస్త్రం చదివి, హిందుస్తానీ ఉచ్చారణ మీద పుస్తకం వేశాడు. తిరిగొచ్చి హైదరాబాద్‌లో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ పెట్టాడు. పంజాగుట్ట ఏరియాలో ఐవాన్-ఎ-ఉర్దూ అనే బిల్డింగ్ చూసే ఉంటారు, అది ఆయన పెట్టిన సంస్థదే. అంటే మన హైదరాబాద్ నుంచి, పక్కా ఆర్ట్స్ సబ్జెక్టులో, పూర్తి ఖర్చుతో ఫారిన్ డాక్టరేట్ దాదాపు వందేళ్ల కిందటే జరిగింది. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది: లండన్‌కి పోయి ఆయన చదివింది ఇంగ్లిష్ వాళ్ల గురించి కాదు. మన భాష గురించి.

ఆ డబ్బుకీ గోడలున్నాయి. ఉస్మానియాలో మీడియం ఉర్దూ. జిల్లాల్లో తెలుగు ఇళ్ల పిల్లలకి హైస్కూల్ దొరకడమే గగనం. మన సిరిసిల్ల దగ్గర హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి గారు సిరిసిల్లలో, కరీంనగర్‌లో ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత ఉస్మానియాలో తెలుగు ఎంఏ చేసి, 1962లో అక్కడే ఆధునిక తెలుగు కవిత్వం మీద డాక్టరేట్ తీసుకున్నారు. ఫారిన్ కాదు, కానీ మన బెల్ట్ నుంచి ఆ మెట్టు ఎక్కడానికి ఎంత టైం పట్టిందో చూడండి.

నిజాం రాజ్యం బయట, కోస్తాలో రాజు లేడు. అక్కడ వ్యాపారులు, సత్రాలు, మామగార్లు ఉన్నారు. నిజంగానే మామగార్లు. యల్లాప్రగడ సుబ్బారావు గారు సైన్స్ మనిషి, మన టాపిక్ కాదు, కానీ డబ్బు కథ కోసం రెండు ముక్కలు చెప్తా. 1922లో ఆయన బోస్టన్ పోయింది రెండు ఆధారాలతో: మామగారి సాయం ఒకటి, కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి రెండు. ఈ నాయకర్ బర్మా పోయి రంగూన్‌లో సంపాదించి, ఆ ఆస్తి ధర్మానికి రాసిపెట్టిన మనిషి. అంటే ఒక వలస కార్మికుడిగా మొదలైన మనిషి డబ్బుతో ఇంకొకడు హార్వర్డ్ పోయాడు. మన గల్ఫ్ ఊళ్లకి ఇది వినసొంపుగా ఉండాలి. అయినా ఆ డబ్బు సరిపోలేదు. సుబ్బారావు గారు బోస్టన్‌లో హాస్పిటల్‌లో నైట్ పోర్టర్ పని చేశారు. 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ వచ్చింది.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. తెలంగాణ సర్కారు ఓవర్సీస్ విద్యానిధికి ఎవరి పేరు పెట్టారు? అంబేద్కర్ పేరు. ఆ పేరు పోస్టర్ మీద చూసి ముందుకు స్క్రోల్ చేస్తాం. కానీ ఆర్ట్స్ స్టూడెంట్ ఫారిన్ పీహెచ్‌డీకి డబ్బు తెచ్చుకునే తిప్పలన్నీ ఒకే మనిషి జీవితంలో చూడాలంటే ఆయనే.

1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ స్కాలర్‌షిప్ ఇచ్చాడు. నెలకి 11.5 పౌండ్లు, మూడేళ్లు. అగ్రిమెంట్ మీద సంతకం: చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చెయ్యాలి. మన ఐటీ కంపెనీల బాండ్ గుర్తొస్తుంది కదా, నేను కూడా ఒకటి సంతకం పెట్టిన, రెండేళ్లది, దానికే నిద్రపట్టలేదు. ఇది పదేళ్లు. ఆయన న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదివాడు. 1916లో లండన్ పోయి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరాడు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది, రమ్మన్నారు, చదువు మధ్యలో ఆపి రావాల్సి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుంది. ఆయన పుస్తకాలు వేరే ఓడలో వేశాడు, ఆ ఓడ మునిగింది. దానికి వచ్చిన నష్టపరిహారం డబ్బులతోనే బరోడాకి ప్రయాణం కట్టుకున్నాడని ఆయన జీవితచరిత్రలో రాశారు.

బరోడాలో ఏం జరిగిందో మీకు తెలుసు. అంత చదువు చదివొచ్చిన మనిషికి కులం పేరు చెప్పి ఉండటానికి గది దొరకనివ్వలేదు. ఆఫీసులో ఫైళ్లు చేతికివ్వకుండా దూరం నుంచి విసిరారు. కొన్ని రోజులకే వదిలేసి రావాల్సి వచ్చింది. బాండ్ రాసిచ్చింది పదేళ్లకి, ఆ ఊరు ఉండనిచ్చింది రోజులు. స్కాలర్‌షిప్ ఇచ్చిన రాజు మంచోడే, చుట్టూ ఉన్న సంఘం కాదు. ఈ తేడా స్కాలర్‌షిప్‌ల చరిత్రలో ఎక్కడా రాయరు.

తర్వాత ఆయన బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా నెలకి 450 రూపాయల జీతానికి చేరి, పొదుపు చేశాడు. 1920లో మళ్లీ లండన్ పోయాడు. ఈసారి డబ్బు మూడు చోట్ల నుంచి వచ్చింది: తన పొదుపు, కొల్హాపూర్ షాహూ మహరాజ్ సాయం, స్నేహితుడు నవల్ భాథేనా దగ్గర 5,000 రూపాయల అప్పు. సగం కడుపుతో లైబ్రరీలో కూర్చుని 1923లో డీఎస్సీ తెచ్చుకున్నాడు. థీసిస్ రూపాయి సమస్య మీద. ఇక కొలంబియా పీహెచ్‌డీ సంగతి చూడండి. పట్టా చేతికొచ్చింది 1927లో. ఎందుకంత లేటు? థీసిస్‌ని పుస్తకంగా అచ్చు వేయించి కాపీలు యూనివర్సిటీకి ఇవ్వాలని అప్పటి రూల్. అచ్చుకీ పైసలే. ఆ పుస్తకం 1925లో లండన్‌లో వచ్చింది, బ్రిటిష్ ఇండియాలో ప్రావిన్సుల ఆర్థిక వ్యవస్థ గురించి. అంకితం ఎవరికి? తన చదువుకి సాయం చేసినందుకు కృతజ్ఞతగా బరోడా మహారాజుకి.

మళ్లీ గుర్తుపెట్టుకోండి. న్యూయార్క్‌లో రాసిన థీసిస్, లండన్‌లో రాసిన థీసిస్, రెండూ ఇండియా గురించే.

స్వాతంత్ర్యం తర్వాత రాజులు పోయారు. డబ్బు రెండు పైపుల్లోంచి రావడం మొదలైంది. ఒకటి అమెరికా, ఒకటి ఢిల్లీ.

అమెరికా పైపు: 1950 ఫిబ్రవరి 2న ఇండియా, అమెరికా ఫుల్‌బ్రైట్ ఒప్పందం చేసుకున్నాయి. 1954 నుంచి రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పుణె దక్కన్ కాలేజీలో భాషాశాస్త్రం స్కూళ్లకి డబ్బు పెట్టింది. మన భాషల మీద వాళ్లకి అంత ప్రేమ ఎందుకు? కోల్డ్ వార్. ఏ దేశం ఎటు పోతుందో తెలియాలంటే ఆ దేశం భాష తెలిసినవాళ్లు కావాలి. 1957లో రష్యా స్పుత్నిక్ వదిలాక, 1958లో అమెరికా చట్టమే చేసింది, యూనివర్సిటీల్లో విదేశీ భాషల సెంటర్లకి డబ్బులిచ్చే చట్టం. ఇంకో ముచ్చట మస్తు ఉంటది. అప్పట్లో అమెరికా మనకి పీఎల్-480 కింద గోధుమలు పంపేది, మనం రూపాయల్లో కట్టేవాళ్లం. ఆ రూపాయలు వాళ్లు డాలర్లుగా తీసుకుపోలేరు. అందుకని 1962 నుంచి ఆ రూపాయలతో ఇక్కడ అచ్చయిన పుస్తకాలు కొని, తెలుగువి కూడా, అమెరికా యూనివర్సిటీ లైబ్రరీలకి ఓడల్లో పంపారు. ఇక్కడ ఏ లైబ్రరీలోనూ దొరకని పాత తెలుగు పుస్తకం అక్కడ ర్యాక్‌లో ఉండటానికి కారణం మన తాతలు తిన్న గోధుమ రొట్టె.

ఈ కాలంలోనే ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆంధ్రా యూనివర్సిటీలో తెలుగు చదివి, అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పోయి 1957లో పీహెచ్‌డీ చేశారు. టాపిక్ తెలుగు క్రియాధాతువులు. ఫిలడెల్ఫియాలో కూర్చుని, తెలుగు క్రియల మీద! ఆ పుస్తకాన్ని 1961లో కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ వేసింది, ద్రావిడ భాషాశాస్త్రంలో ఇప్పటికీ దాన్ని పక్కనపెట్టి ఎవరూ ముందుకు పోలేరు. ఆయన తిరిగొచ్చి ఏం చేశారు? 1962లో ఉస్మానియా భాషాశాస్త్ర శాఖలో చేరారు. అదే ఏడాది మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటి వచ్చింది, వ్యవసాయం మాటలు. 1971లో రెండోది, చేనేత మాటలు. పడుగు, పేక, నాడె, ఆసు, ఈ మాటలన్నీ మగ్గం గుంట పక్కన కూర్చుని ఊరూరా ఏరించినవి. సిరిసిల్లలో ఇప్పుడు సాంచాల సప్పుడులో సగం మాటలు పోయాయి. ఆ పుస్తకంలో ఉన్నాయి. ఫారిన్ డిగ్రీ వల్ల ఊరికి ఏం ఒరిగింది అని అడిగేవాళ్లకి నేను ఈ రెండో సంపుటి చూపిస్తా.

ఢిల్లీ పైపు: 1954-55లో కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పెట్టింది. ఇప్పుడు సామాజిక న్యాయ శాఖ కింద ఏడాదికి 125 సీట్లు. అందులో 115 ఎస్సీలకి, 6 సంచార, విముక్త జాతులకి, 4 భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకి. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు, వయసు 35 లోపు. మొత్తం దేశానికి 125 అంటే ఎంత సన్న దారో చూడండి. కానీ దొరికితే ట్యూషన్ ఫీజు మొత్తం, విమానం టికెట్, ఖర్చులకి అమెరికాలో అయితే ఏడాదికి 15,400 డాలర్లు, బ్రిటన్‌లో 9,900 పౌండ్లు.

2022 ఫిబ్రవరిలో దీని గైడ్‌లైన్స్ మార్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇండియా మీద సామాజిక అధ్యయనం, ఈ టాపిక్‌లకి స్కాలర్‌షిప్ వర్తించదు అన్నారు. అధికారులు చెప్పిన కారణం: ఇండియా గురించి చదవడానికి వనరులు, నిపుణులు ఇక్కడే ఉన్నారు, ఆ డబ్బు వేరే సబ్జెక్టులకి వాడదాం అని. వినడానికి లాజిక్‌గానే ఉంది. కోడ్ రాసే బుర్రతో నేను దాన్ని టెస్ట్ చేసిన. ఇన్‌పుట్‌గా ముగ్గురిని ఇచ్చిన. జోర్, ఉర్దూ: రిజెక్ట్. భద్రిరాజు, తెలుగు: ఆయన భాషాశాస్త్రం కాబట్టి వాదించుకోవచ్చు, గ్యారంటీ లేదు. అంబేద్కర్, బ్రిటిష్ ఇండియా ఆర్థిక చరిత్ర: రిజెక్ట్. దళిత పిల్లల కోసం పెట్టిన స్కీము అంబేద్కర్ థీసిస్‌నే ఆపేస్తుంటే ఆ రూల్‌లో బగ్ ఉన్నట్టే అని నా అభిప్రాయం. పైగా "వనరులు ఇక్కడే ఉన్నాయి" అనేది సగమే నిజం. బ్రిటిష్ వాళ్లు మనల్ని పాలించిన ఇండియా ఆఫీస్ రికార్డులు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. గోధుమ రూపాయల పుస్తకాల సంగతి ఇప్పుడే చెప్పిన.

మెట్‌పల్లి నుంచి ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. నేతపని ఇల్లు, ఎంఏ హిస్టరీ, మన ప్రాంతం నేతగాళ్లు షోలాపూర్, భివండి వలస పోవడం మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఆమెకి ఆ చేతివృత్తుల కోటా కింద అర్హత ఉండొచ్చు. కానీ ఆమె టాపిక్‌కి లేదు. నేతగాడి బిడ్డ పోవచ్చు, నేతగాడి చరిత్ర పోకూడదు.

సీట్లున్నా డబ్బు ఉండాలి, అది ఇంకో కథ. 2025 జూలైలో 106 మందిని సెలెక్ట్ చేసి, మొదట 40 మందికే లెటర్లిచ్చారు. మిగతా 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారు. సెప్టెంబర్‌లో క్లాసులు మొదలయ్యే పిల్లలకి జూలైలో "ఉంటే ఇస్తాం" అంటే ఏం చెయ్యాలి?

మన రాష్ట్రం సంగతి త్వరగా చెప్తా. ఎస్సీ, ఎస్టీలకి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకి మహాత్మా జ్యోతిబా ఫూలే పేరు మీద, మైనారిటీలకి సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్. గరిష్ఠంగా 20 లక్షలు, రెండు విడతల్లో. సోషల్ సైన్సెస్, హ్యుమానిటీస్ వాళ్లు కూడా అర్హులే, ఇది చాలామందికి తెలియదు. కానీ మొదటి విడత అక్కడికి చేరినట్టు చూపించాక వస్తుంది, రెండోది మొదటి సెమిస్టర్ రిజల్ట్ తర్వాత. అంటే పోవడానికి డబ్బు ముందు ఉండాలి. బకాయిల వార్తలు మీరు చూసే ఉంటారు. ఇది ఏడాది, రెండేళ్ల ఎంఎస్ కొలతకి కుట్టిన చొక్కా. అయిదేళ్ల పీహెచ్‌డీకి తొడిగితే చేతులు పొట్టి.

మరి ఇప్పుడు నిజంగా డబ్బు ఎవరిస్తున్నారు? ఎక్కువ భాగం యూనివర్సిటీయే. అమెరికాలో మంచి ఆర్ట్స్ పీహెచ్‌డీ ప్రోగ్రాంలు ట్యూషన్ మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ ఇచ్చి, బదులుగా బీఏ పిల్లలకి క్లాసులు చెప్పించుకుంటాయి. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో డాక్టరేట్‌కి ట్యూషన్ దాదాపు లేదు, కొన్నిచోట్ల పీహెచ్‌డీ అంటే జీతమున్న ఉద్యోగమే. బ్రిటన్‌లో ఫీజు వాయింపు ఎక్కువ, కాబట్టి ఫెలిక్స్ లాంటి స్కాలర్‌షిప్ దొరకాలి. ఫెలిక్స్ ఆక్స్‌ఫర్డ్, రెడింగ్, సోయాస్‌లకి. సీటిచ్చి స్టైపెండ్ ఇవ్వని పీహెచ్‌డీకి అప్పు చేసి పోవద్దు. మెట్‌పల్లి చెల్లెకి కూడా ఇదే చెప్పిన. ఇది అడ్మిషన్ కాదు, బిల్లు.

యూనివర్సిటీ మొత్తం ఇచ్చినా మొదటి స్టైపెండ్ పడేదాకా అయ్యే ఖర్చు మనదే. ఒక్కో అప్లికేషన్‌కి సుమారు 100 డాలర్లు, ఎనిమిది యూనివర్సిటీలకి పెడితేనే దగ్గర దగ్గర 70 వేల రూపాయలు. టోఫెల్, వీసా ఫీజు, సెవిస్ ఫీజు 350 డాలర్లు, టికెట్, అక్కడ గది అడ్వాన్సు. మన దగ్గర గల్ఫ్ వీసాకి పెట్టే పెట్టుబడికి ఇది అటూఇటూ సమానం. చాలా యూనివర్సిటీలు అడిగితే అప్లికేషన్ ఫీజు మాఫీ చేస్తాయి. అడగాలి. మెయిల్ రాయడానికి సిగ్గుపడి 70 వేలు పోగొట్టుకోవద్దు.

ఈ పైపు కూడా సన్నబడుతోంది. బోస్టన్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ స్టూడెంట్లు సమ్మె చేసి స్టైపెండ్ 45,000 డాలర్లకి పెంచుకున్నారు. ఆ తర్వాత 2024 నవంబర్‌లో ఆ యూనివర్సిటీ హిస్టరీ, ఇంగ్లిష్ లాంటి దాదాపు డజను సబ్జెక్టుల్లో కొత్త పీహెచ్‌డీ అడ్మిషన్లు ఆపేసింది. 2025 ఆగస్టులో షికాగో యూనివర్సిటీ ఆర్ట్స్, హ్యుమానిటీస్ విభాగం 2026-27కి చాలా డిపార్ట్‌మెంట్లలో ఆపుతున్నట్టు చెప్పింది. స్పుత్నిక్ తర్వాత వచ్చిన ఆ చట్టం నుంచి పారే భాషా సెంటర్ల డబ్బుని కూడా 2025లో కోసేశారు. కోల్డ్ వార్ భయం తెచ్చిన డబ్బు, ఆ భయం పోయాక ఎంతకాలం ఉంటుంది?

చెల్లె ఈ డిసెంబర్‌కి ఆరు చోట్ల అప్లై చేస్తోంది, రెండు జర్మనీలో. కేంద్రం స్కాలర్‌షిప్‌కి పెట్టాలా వద్దా అని అడిగింది. ఆ ఏడాది గైడ్‌లైన్స్ పీడీఎఫ్ మొత్తం చదివి పెట్టమన్నా, టాపిక్ మాత్రం మార్చుకోవద్దన్నా. వచ్చే ఎపిసోడ్‌లో మాండలిక వృత్తి పదకోశం రెండో సంపుటి తీసుకుని సిరిసిల్ల పోతున్నా, అందులో మాటలు ఎన్ని ఇంకా బతికున్నాయో సాంచాల దగ్గర అడిగి చూద్దాం. ఉంటా మరి.